డబ్బా మూత తీసి ముందు వాసన చూడు

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గుంటూరులో తాతగారి మేడ మీద సినిమా మ్యూజియం పెడతానని రాశావు. చాలా సంతోషం. బెజవాడ గాంధీనగర్ సినిమా పంపిణీ ఆఫీసుల్లో ప్రింట్ల పెట్టెల మధ్యే బతికినవాణ్ని కనుక నాకు తెలిసింది చెబుతాను.

అద్దాల బీరువాలు, దీపాలు తర్వాత చూసుకోవచ్చు. ముందు రీళ్ల డబ్బాలు గాలి ఆడే చోట పెట్టి ఒక్కొక్కటే మూత తీసి వాసన చూడు. వెనిగర్ ఘాటు తగిలితే అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము పాడవుతున్నట్టే. వెంటనే దాన్ని వేరే గదిలోకి మార్చు, లేకపోతే ఆ ఆవిరి పక్కవాటినీ చెడగొడుతుంది. 1950ల తొలినాళ్లకు ముందరి 35 ఎంఎం ఫిల్ము తేలిగ్గా అంటుకునే నైట్రేటు రకం కావచ్చు. అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. దాన్ని ప్రొజెక్టరుకు ఎక్కించనే వద్దు. పుణేలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్లను అడిగి వాళ్లు చెప్పినట్టు చేయి. చేతిలో ఉన్న డబ్బుతో మొదట ఏసీ, తేమ లాగే యంత్రం కొను. పగలు వేసి రాత్రి ఆపేస్తే ఆ వేడి చలి మార్పులకే ఫిల్ము దెబ్బతింటుంది.

నన్నడిగితే నీ దగ్గరున్న అసలు ధనం పాటల పుస్తకాలే. హాలు దగ్గర అణాకో రెండణాలకో అమ్మేవారు. ఒకటి తెరిచి చూడు. కథాసంగ్రహం నాయికను ఆపదలోకి నెట్టి, తరువాయి వెండితెరపై చూడండి అంటూ ఆగిపోతుంది. మరో పేజీలో నటులు, సాంకేతిక నిపుణుల పేర్లు. 1931 నాటి తొలి భారతీయ టాకీ ఆలం ఆరాకే ఒక్క ప్రింటు దొరకడం లేదు. ఫిల్ము పూతలో ఉండే వెండి కోసం పాత ఫిల్ములు కరిగించేసిన దేశం మనది. అలా పోయిన సినిమాకు ఈ నాలుగు కాగితాలే ఆధారం కావచ్చు.

అది చౌక కాగితం, మడత దగ్గరే విరుగుతుంది. చిరిగిందని సెల్లోటేపు అంటించకు, జిగురు గోధుమరంగు మరకై అక్షరాలను మింగేస్తుంది. లామినేషన్ జోలికి అసలే పోవద్దు. తుప్పు పిన్నులు మెల్లగా ఊడదీసి, ఆమ్లం లేని కాగితపు కవర్లలో పెట్టు. ప్రతిదానికీ ఒక నంబరు వేసి, ఎవరిచ్చారో, ఏ ఊరి హాలుదో నోటుపుస్తకంలో రాయి. ఆ వివరం లేని వస్తువును చూసేవాళ్లకు నువ్వేం చెబుతావు?

1921లోనే మారుతి హాలు వెలిసిన ఈ బెజవాడలో, పాత ప్రొజెక్టర్లలో కార్బన్ కడ్డీల వెలుగుతో బొమ్మ ఆడించిన ఆపరేటర్లు ఇంకా కొందరున్నారు. రీలు అయిపోవస్తోందని చెప్పే చుక్క తెర కుడి పైమూల కనబడగానే రెండో ప్రొజెక్టరుకు ఎలా మార్చేవారో వాళ్ల చేతులతోనే చూపించమని అడిగి వీడియో తీయి. అందరూ పెద్దవాళ్లు. ఈ పని వచ్చే నెలకు వాయిదా వేయకు.

మద్రాసు పోస్టర్లు అమ్ముతానన్న మనిషికి ఇంకా బయానా ఇవ్వకపోతే ఆగు. అవి ఆనాటివో, ఈమధ్య అచ్చేసినవో నేను వచ్చి చూస్తాను.

నీ మామయ్య,
విజయవాడ