మైకు ఇంకొకరి చేతికి పోయిందని అలిగిన బిడ్డకు

బిడ్డా,

ప్రభువు నామంలో వందనాలు. క్వయర్ బాధ్యత నీ దగ్గర్నుంచి తీసి కాజీపేట అబ్బాయికి ఇచ్చారని, అప్పట్నుంచి నువ్వు మన మందిరం ముఖం చూడటం లేదని చెల్లె ఫోన్‌లో చెప్పింది. నీ గొంతు దేవుడిచ్చిన వరమే, ఆ మాట ఎవరూ కాదనరు. నాకు దిగులు నీ అలక గురించే.

రెండవ దినవృత్తాంతములు 26వ అధ్యాయం తీసి చదువు. ఉజ్జియా 16 ఏళ్లకే రాజయ్యాడు. దేవుణ్ణి వెదికినంత కాలం వర్ధిల్లాడు, బలపడ్డాకే గర్వపడ్డాడు. యాజకులు వేయాల్సిన ధూపం తానే వేస్తానని ఆలయంలోకి పోయాడు. వాళ్లు అడ్డుపడితే మండిపడ్డాడు. ఆ కోపంలో ఉండగానే నొసట కుష్ఠు లేచింది. బాగా పాడేవాళ్లు, బాగా ప్రార్థన చేసేవాళ్లే ఈ గర్వానికి ఎక్కువగా దొరికిపోతారు బిడ్డా. ఏమీ చేతకానివాడికి ఈ శోధన అంతగా రాదు.

సాక్ష్యం చెప్పేటప్పుడు "నేనెంతటివాణ్ణి" అంటే గర్వం పోదు. పదిమంది ముందు తగ్గించుకుంటే మెప్పు వస్తుంది, ఆ మెప్పు మళ్లీ లోపలికే పోతుంది. అందుకే ఎవరూ చూడని పని పట్టుకో. ఆదివారం అందరికంటే ముందు వెళ్లి చాపలు పరువు. ప్రేమ విందు అయ్యాక గిన్నెలు కడుగు. స్టేటస్ మాత్రం పెట్టకు.

ఇంకొకటి ఉంది, అన్నిటికంటే కష్టమైంది. ఆ అబ్బాయి ప్రాక్టీసులో కూర్చో. వాడికి రాని రాగం నేర్పు, వాడు ముందు పాడుతుంటే వెనక వరుసలో కోరస్ అందుకో. యోహాను 13లో ప్రభువు కడిగిన శిష్యుల కాళ్లల్లో ఇస్కరియోతు యూదావి కూడా ఉన్నాయి. తనను శత్రువులకు అప్పగించబోతున్నాడని తెలిసే కడిగాడు. నీకు ఈ అబ్బాయి ఏ ద్రోహమూ చేయలేదు కదా.

మన డోర్నకల్ సంగతి చూడు. వి.ఎస్. అజరయ్యగారు తిరునెల్వేలి నుంచి 1909లో అక్కడికి వచ్చారు. చదువుకున్న మనిషి, అయినా ఈ పల్లెల్లో సేవ చేయాలంటే తెలుగు మొదట్నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది, నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. తనకు బాగా వచ్చినదాన్ని పక్కనపెట్టి, రానివాడిలా ఒకరి ముందు కూర్చోవడం ఎంత కష్టమో ఆలోచించు.

అట్లని అన్యాయాన్ని మింగుకుని ఊరుకోమని నేననను. నీకు నిజంగా అన్యాయం జరిగిందనిపిస్తే మత్తయి 18 చెప్పినట్టు పాస్టరుగారి దగ్గరికి ఒక్కడివే వెళ్లి, ఆయన ముఖం చూసి చెప్పు. యూత్ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా రాయకు. ఆయన ఏం చెప్పినా మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా విను. గర్వం ఎక్కువగా బయటపడేది మనల్ని దిద్దుతున్నప్పుడే.

శనివారం సాయంత్రం ప్రాక్టీసు ఉందట. ఆ అబ్బాయికి ముందే ఫోన్ చేసి వస్తున్నానని చెప్పు. నీ కోసం రోజూ ప్రార్థిస్తున్నా.

మీ పెద్దమ్మ