కాంప్లెక్సిటీ 41 చూపిస్తే రీఫ్యాక్టర్ చేయాల్సిందేనా?

కోడ్‌ను పరీక్షించే సోనార్‌క్యూబ్ టూల్ మీ ఫంక్షన్‌కు కాంప్లెక్సిటీ, అంటే కోడ్ ఎంత చిక్కుగా ఉందో చెప్పే అంకె, 41 చూపిస్తోంది, 10 దాటినవన్నీ రీఫ్యాక్టర్ చేయమని, అంటే చేసే పని మారకుండా తిరగరాయమని మీ టీమ్ లీడ్ అంటున్నాడు, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అని మీ ప్రశ్న. ఆ ఫైలును మీవాళ్లు ఎంత తరచుగా తెరవాల్సి వస్తోందో ముందు చూడండి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టనిదైతే 41 ఉన్నా, 80 ఉన్నా నేనైతే దాని జోలికి పోను.

అసలు ఆ 41 ఏ లెక్కో చూసుకున్నారా? సోనార్ రెండు లెక్కలు ఇస్తుంది. సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ 1976లో థామస్ మెకేబ్ ఇచ్చింది. ఫంక్షన్‌లోని ఇఫ్, లూప్, కేస్, కండిషన్లలోని అండ్, ఆర్ ఒక్కోదానికి ఒకటి వేసి, పైన ఇంకొకటి కలపడమే. ఎన్ని టెస్టులు రాయాల్సి వస్తుందో అంచనా వేయడానికి ఇది బాగా పనికొస్తుంది. 10 అనే హద్దు పెట్టింది కూడా మెకేబే. కానీ అదేమీ మంత్రసంఖ్య కాదని ఆ పేపర్‌లోనే రాశాడు, పెద్ద కేస్ స్టేట్‌మెంట్లకు మినహాయింపు కూడా ఇచ్చాడు. మీ లీడ్‌కు ఈ ముక్క చూపించండి. రెండోది కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ. ఇందులో ఇఫ్ లోపల ఇఫ్ పెట్టేకొద్దీ భారం పెరుగుతుంది, స్విచ్‌లో ఎన్ని కేసులున్నా మొత్తానికి ఒక్కటే లెక్క. దీనికి సోనార్ మామూలుగా పెట్టే హద్దు 15. సైక్లోమాటిక్ 41 ఉండి కాగ్నిటివ్ తక్కువగా ఉంటే అది పొడవాటి స్విచ్ అయి ఉంటుంది. చదవడానికి ఇబ్బందేమీ లేదు, వదిలేయండి.

నేను నల్లగొండలో ఉంటూ మిర్యాలగూడ రైస్ మిల్లులు వాడే వడ్ల కొనుగోలు సాఫ్ట్‌వేర్ చూసుకుంటాను. అందులో అన్నిటికంటే ఎక్కువ కాంప్లెక్సిటీ ఉన్నది పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లకు కాంటా చీటీ (తూకం రసీదు) కొట్టే ఫంక్షన్. చూస్తే తల తిరుగుతుంది. కానీ ఏళ్లుగా చీటీలు సరిగ్గానే వస్తున్నాయి, దాన్ని మార్చమని ఏ మిల్లు యజమానీ అడగలేదు. అది అలాగే ఉంది, ఉంటుంది కూడా.

మమ్మల్ని ఏడిపించింది తరుగు లెక్క, అంటే తూకంలోంచి కోత వేసే లెక్క. తేమ 17 శాతం దాటితే ఒక ఇఫ్, దాని లోపల సన్నాలా దొడ్డు వడ్లా, దాని లోపల గోనె బస్తానా ప్లాస్టిక్ బస్తానా, దాని లోపల హమాలీ రైతు ఇస్తాడా మిల్లు ఇస్తుందా. ఎల్స్‌లు పక్కన పెడితే, ఈ నాలుగు ఇఫ్‌లకు సైక్లోమాటిక్ 5 మాత్రమే. కాగ్నిటివ్‌లో 1, 2, 3, 4 కలిసి 10 అవుతుంది. యాసంగి, వానాకాలం ఏ సీజన్ వచ్చినా ఇందులో ఏదో ఒక మార్పు తప్పదు. 2024 వానాకాలంలో ప్రభుత్వం సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ మొదలుపెట్టాక, కొనుగోలు కేంద్రాల ధాన్యాన్ని సన్నాలు, దొడ్డు అని విడగొట్టి చూపాల్సి వచ్చి, ఆ నాలుగు ఇఫ్‌ల మధ్య ఐదోది దూర్చాలా అన్న ప్రశ్న వచ్చింది. అప్పుడే దీన్ని రీఫ్యాక్టర్ చేయడానికి కూర్చున్నాం.

మీరూ ఇలాగే వెతకండి. గిట్ లాగ్‌లో (కోడ్ మార్పుల చరిత్రలో) ఏడాది కమిట్లు, అంటే నమోదైన మార్పులు తీసి ఏ ఫైలు ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టండి, దాని పక్కన కాంప్లెక్సిటీ రాసుకోండి. రెండూ ఎక్కువున్నవి మామూలుగా నాలుగైదుకు మించవు. గిట్ లాగ్‌కు -L (పెద్ద ఎల్) ఆప్షన్ ఇస్తే ఒక్క ఫంక్షన్ చరిత్ర కూడా వస్తుంది. అందులో బగ్ ఫిక్సులే ఎక్కువ కనిపిస్తే ఇంక ఆలోచించకండి, దాన్నే పట్టుకోండి.

చేతులు పెట్టేముందు టెస్టులు. కోడ్ ఏం చేయాలని మీరనుకుంటున్నారో అది వద్దు, ఇప్పుడు ఏం చేస్తోందో అదే టెస్టుగా రాయండి. మేము పాత సీజన్ తక్‌పట్టీలు (రైతుకిచ్చే లెక్క చీటీలు) తీసి, వాటి ఇన్‌పుట్లు ఇచ్చి, పైసలతో సహా వచ్చిన మొత్తాన్ని భద్రపరిచాం. అక్కడ ఒక విషయం బయటపడింది: గోనె బస్తాల దారిలో తరుగును బస్తా బస్తాకూ రౌండ్ చేస్తున్నారు, ప్లాస్టిక్ బస్తాల దారిలో మొత్తం మీద ఒకేసారి. కోడ్ రాసినవాళ్లు ఇప్పుడు లేరు, కావాలనే చేశారో కాదో అడిగేవాళ్లూ లేరు. రీఫ్యాక్టరింగ్‌లో ఆ తేడాను అలాగే ఉంచి, యజమానులను అడిగాక విడిగా ఇంకో కమిట్‌లో సరిచేశాం. రెండూ కలిపితే ఒక రైతుకు నలభై రూపాయలు తక్కువ పడ్డ రోజున తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

ఆ తర్వాత ఇఫ్‌లు తీసేసి రేట్లు, తరుగు నియమాలు ఒక టేబుల్‌లో పెట్టాం. సీజన్ మారితే ఇప్పుడు వరుసలు మారతాయి, కోడ్ మారదు. ఫంక్షన్‌ను పార్ట్ వన్, పార్ట్ టూ అని కోసి ఆరేసి ఫ్లాగులు అటూ ఇటూ పంపిస్తే సోనార్ పచ్చగా మారుతుంది గానీ చదివేవాడికి నరకమే. ఇంటర్వ్యూల్లో దీన్నే గొప్పగా చెప్పేవాళ్లను చూశాను.

మీ లీడ్‌తో ఇలా బేరం పెట్టండి: హద్దు కొత్త కోడ్‌కే పెడదాం, సోనార్ క్వాలిటీ గేట్‌లో (కోడ్ పాసా ఫెయిలా అని తేల్చే షరతుల్లో) ఆ వీలుంది. పాతదాంట్లో ఆ నాలుగైదు ఫైళ్లే, అదీ వాటిలో ఏదైనా ఫీచర్ పని వచ్చినప్పుడు. రిలీజ్ దగ్గర్లో ఉంటే మాత్రం వద్దు. మేమైతే మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరే రోజుల్లో తరుగు ఫైలు మీద మెర్జ్ (మార్పులను అసలు కోడ్‌లో కలపడం) ఆపేస్తాం.