ఈ వయసులో కౌన్సెలింగ్ వల్ల ప్రయోజనం ఉంటుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 69 ఏళ్లు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మద్యం జోలికి పెద్దగా వెళ్లని మనిషి, మూడేళ్ల క్రితం అమ్మ పోయినప్పటి నుంచి రోజూ సాయంత్రం తాగుతున్నారు. దానికి తోడు నిద్రమాత్రలు కూడా వేసుకుంటున్నారు. కౌన్సెలింగ్ చేయిద్దామంటే, ఈ వయసులో ఆయన మారరని బంధువులు కొట్టిపారేస్తున్నారు. వారి మాట నిజమేనా?

జవాబు: మీ బంధువుల మాట పాతదే. యాభై ఏళ్లకు చేరువైనవారి మనసు మానసిక చికిత్సకు లొంగేంత మెత్తగా ఉండదని మనోవిశ్లేషణ అనే మానసిక చికిత్సకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1904లోనే అన్నారు. అప్పటికి ఆయనకు 48 ఏళ్లు! ఆ మాట నిలబడలేదు. మితిమీరి తాగే 65 ఏళ్లు దాటినవారిపై జరిగి 1999లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, కుటుంబ వైద్యులు రెండు విడతలుగా పది పదిహేను నిమిషాల చొప్పున మాట్లాడి సలహా ఇచ్చినవారిలో తాగుడు చెప్పుకోదగినంతగా తగ్గింది. పైగా మీ నాన్నగారిలా మలివయసులో, ఒక దుఃఖం వెంట మొదలైన అలవాటు, యౌవనం నుంచి పాతుకుపోయిన అలవాటు కన్నా తరచుగా తేలికగానే దారికి వస్తుంది.

అయితే కౌన్సెలింగ్ కన్నా ముందు వైద్యుడిని కలవాలి. వయసుతో ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది కాబట్టి అంతే మద్యం తాగినా రక్తంలో దాని మోతాదు ఎక్కువగా ఉంటుంది. దానికి నిద్రమాత్ర తోడైతే తూలి పడిపోవడం, మతిమరుపు, ఒక్కోసారి ఊపిరి మందగించడం కూడా జరగవచ్చు. అలాగని రెండూ రాత్రికి రాత్రి మాన్పించకండి. ఉన్నట్టుండి ఆపితే మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు. వైద్యుడి పర్యవేక్షణలోనే తగ్గించాలి.

ఇక చికిత్స విషయానికి వస్తే, ఏ వేళకు, ఏ ఆలోచన వెంట గ్లాసు చేతికి వస్తోందో ఆయన చేతనే రాయించి, ఆ గంటను వేరే పనితో, వేరే మనుషులతో ఎలా నింపాలో కలిసి వెతకడం ఇందులో ప్రధానం. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఆయనకు కష్టమైన వేళ సాయంత్రమే, ఆ వేళలో ఆయనకు వెలితి మీ అమ్మగారు లేకపోవడమే. ఆ దుఃఖం గురించి మాట్లాడించకుండా సీసా గురించే మాట్లాడే కౌన్సెలింగ్ ఆయనకు చాలదని నా అభిప్రాయం. నిద్రలేమికి కూడా మాత్రలు కాకుండా, పడుకునే వేళలనూ నిద్ర గురించిన బెంగనూ సరిచేసే మానసిక చికిత్స ఉంది. వినికిడి, జ్ఞాపకశక్తి తగ్గి ఉంటే నిదానంగా మాట్లాడే, చెప్పింది కాగితం మీద రాసిచ్చే నిపుణులను ఎంచుకోండి. తన ఈడువారే ఉండే బృందం దొరికితే మరీ మంచిది, ఎందుకంటే కుర్రవాళ్ల మధ్య కూర్చుని తాగుడు గురించి చెప్పుకోవడం పెద్దవారికి నామోషీగా ఉంటుంది.

ఆయనతో మొదటిసారి మాట్లాడేటప్పుడు "తాగుబోతు" అన్న మాట రానివ్వకండి. నిద్ర ఎలా పడుతోందని అడగండి. ఆ ఇబ్బంది కోసమైతే వైద్యుడి దగ్గరకు రావడానికి ఆయన ఒప్పుకునే అవకాశం ఎక్కువ.