థ్రాటిల్ సర్వో, నైలాన్ పుష్‌రాడ్: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: వరి కోతలైన పొలాల్లో 30 సీసీ పెట్రోల్ ఇంజన్ గల మోడల్ విమానం ఎగురవేస్తున్నాను. సర్వో (రేడియో ఆజ్ఞకు తగ్గట్టు ఆర్మ్‌ను తిప్పే చిన్న మోటారు) నుంచి థ్రాటిల్‌కు 30 సెంటీమీటర్ల నైలాన్ పుష్‌రాడ్ వాడాను. పొద్దున సరిచేసిన ఐడిల్ (స్టిక్ పూర్తిగా దించినప్పటి ఇంజన్ కనిష్ఠ వేగం) మధ్యాహ్నానికి పెరిగి, దిగేటప్పుడు విమానం నేలకు ఆనకుండా తేలిపోతోంది. ఆ వేళకే స్టిక్ పూర్తిగా పైకి నెడితే సర్వో గీపెడుతోంది. స్టిక్ సగానికి రాకముందే ఇంజన్ దాదాపు పూర్తి వేగం అందుకోవడం మాత్రం ఏ పూటైనా ఉంది. లోపం కార్బురేటర్‌దా, సర్వోదా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఆ రెండింటినీ అనుమానించే ముందు వాటిని కలిపే రాడ్‌ను చూడండి. నైలాన్ వేడికి బాగా సాగుతుంది. పొద్దున 25 డిగ్రీల దగ్గర సరిచేసిన రాడ్, మన నల్గొండ ఎండకు విమానం పొట్టలో 45 డిగ్రీలకు చేరితే సుమారు అర మిల్లీమీటరు పెరుగుతుంది. అదెంత అనిపించవచ్చు గానీ, కార్బురేటర్ ఆర్మ్‌కు ఇరుసు నుంచి 12 మిల్లీమీటర్ల దూరంలో రాడ్ తగిలించి ఉంటే, లోపల గాలిదారిని తెరిచి మూసే బటర్‌ఫ్లై వాల్వ్ ఆ మాత్రానికే రెండు డిగ్రీలకు పైగా తిరుగుతుంది. ఐడిల్ పెరగడానికి అది చాలు. రాడ్ ముందుకు నెట్టినప్పుడు థ్రాటిల్ తెరుచుకునే అమరికలో, పైన ఆర్మ్ చివరికి ఆనిన తర్వాత కూడా సర్వో ఇంకా నెడుతూనే ఉంటుంది కాబట్టి గీపెడుతుంది. ఇంజన్ వేయకుండానే, పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి స్టిక్ దించి, ఆర్మ్‌కూ ఐడిల్ స్క్రూకూ మధ్య సందు చూస్తే అనుమానం తీరిపోతుంది.

నైలాన్ తీసి గ్లాస్ ఫైబర్ రాడ్ వేసి, రెండు కొసలకూ ప్లాస్టిక్ బాల్ లింకులు పెట్టండి. కార్బన్ రాడ్ కూడా వేడికి సాగదు, చూడటానికి ముచ్చటగానూ ఉంటుంది; కానీ దానిలో విద్యుత్ ప్రవహిస్తుంది కనుక, స్పార్క్ ఇగ్నిషన్ విద్యుత్ రొద సర్వో మీదుగా రిసీవర్‌కు చేరే దారి ఇవ్వకపోవడమే మేలు. ఇగ్నిషన్ పెట్టెకూ రిసీవర్‌కూ మధ్య కనీసం 30 సెంటీమీటర్ల దూరం ఉంచండి.

రాడ్ మార్చేటప్పుడే కొలతలు కూడా సరిచేయండి. స్టిక్ సగంలో ఉన్నప్పుడు సర్వో ఆర్మ్ రాడ్‌కు లంబంగా, బటర్‌ఫ్లై తన ప్రయాణంలో నడుమ ఉండాలి. బటర్‌ఫ్లై 70 డిగ్రీలు, సర్వో మొత్తం 90 డిగ్రీలు తిరిగేట్లయితే, పై 12 మిల్లీమీటర్లకు జోడుగా సర్వో ఆర్మ్‌పై సుమారు 10 మిల్లీమీటర్ల దూరంలోని రంధ్రం సరిపోతుంది. చాలామంది ఇరుసుకు దూరంగా ఉన్న రంధ్రంలో తగిలించి, ట్రాన్స్‌మిటర్‌లో ఎండ్ పాయింట్లను (సర్వో కదలిక హద్దులను) సగానికి కోసేస్తారు. అది నాకు నచ్చదు, ఎందుకంటే సర్వో బలమూ సూక్ష్మతా రెండూ వృథా అవుతాయి. ఎండ్ పాయింట్లు చివరి చిన్న సవరణకే ఉండాలి.

సగం స్టిక్‌కే పూర్తి వేగం రావడం బటర్‌ఫ్లై స్వభావం: గాలిలో ఎక్కువ భాగం మొదటి తెరుపులోనే వెళ్ళిపోతుంది. పై అమరిక అయ్యాక, థ్రాటిల్ కర్వ్‌లో (స్టిక్ ఎంత కదిలితే సర్వో ఎంత కదలాలో ట్రాన్స్‌మిటర్‌లో పెట్టే లెక్కలో) నడిమి విలువను 35 శాతం దగ్గర మొదలుపెట్టి, ఇంజన్ మోత వింటూ సరిచేసుకోండి.

ప్రశ్న: కార్బురేటర్‌పై ఉన్న రిటర్న్ స్ప్రింగ్ తీసేయవచ్చా?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: సర్వో ఇబ్బంది పడకుండా లాగగలిగితే ఉంచండి. లింక్ ఊడితే థ్రాటిల్‌ను మూసేది ఆ స్ప్రింగే. మరీ బిగువుగా ఉంటే ఒక చుట్టు వదులు చేయండి. అయితే స్ప్రింగ్ ఉందని ఫెయిల్‌సేఫ్ (రేడియో సంకేతం తెగితే థ్రాటిల్‌ను దించే ఏర్పాటు) మరవకండి: విమానాన్ని గట్టిగా కట్టి, ఇంజన్ సగం వేగంలో ఉండగా ట్రాన్స్‌మిటర్ ఆపితే థ్రాటిల్ వెంటనే ఐడిల్‌కు పడిపోవాలి.