టికెట్ కొంటే అంతరిక్షమేనా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో స్పేస్ టూరిజం గురించి నాలుగు ముక్కలు రాస్తే ఉత్తరాలు, మెయిళ్లు బాగానే వచ్చాయి. అన్నీ వేయలేం కాబట్టి ఒకే రకం ప్రశ్నలు కలిపేసి, కొన్ని కుదించి జవాబులిస్తున్నాను. "నాకో సీటు ఇప్పించగలరా" అని అడిగినవాళ్లకి మాత్రం జవాబు లేదు, నాకే దిక్కు లేదు.

సార్, పది నిమిషాల్లో పైకెళ్లి కిందకొచ్చేదాన్ని అంతరిక్ష యాత్ర అంటే మా ఫ్రెండ్ ఒప్పుకోవట్లేదు. స్పేస్ స్టేషన్‌లో ఉండొచ్చినవాళ్లే అసలు వ్యోమగాములు, వీళ్లంతా జాయ్ రైడ్ బ్యాచ్ అంటున్నాడు. పైన గ్రావిటీ ఉండదు కాబట్టే తేలుతారని కూడా అంటున్నాడు. పందెం కూడా వేసుకున్నాం, మీరే తేల్చాలి.
(ఒక డిగ్రీ విద్యార్థి)

పందెం డబ్బులు చెరిసగం పంచేసుకోండి తమ్ముడూ, ఇద్దరూ సగం సగం కరెక్టే. ఇక్కడితో ఆకాశం అయిపోయింది, ఇక్కణ్ణుంచి అంతరిక్షం అని పైన గీతేం ఉండదు, గాలి పల్చబడుతూ పోతుంది అంతే. లెక్క కోసం చాలామంది 100 కిలోమీటర్ల ఎత్తుని హద్దుగా పెట్టుకున్నారు, దాన్నే కార్మాన్ రేఖ అంటారు. అమెరికావాళ్లు మాత్రం 50 మైళ్లు, అంటే దాదాపు 80 కిలోమీటర్లు దాటితే చాలంటారు. జెఫ్ బెజోస్ కంపెనీ బ్లూ ఆరిజిన్ వాళ్ల న్యూ షెపర్డ్ రాకెట్ 100 దాటి వెళ్లేది, రిచర్డ్ బ్రాన్సన్ కంపెనీ వర్జిన్ గెలాక్టిక్ వాళ్ల యూనిటీ వాహనం 85 కిలోమీటర్లు దాటాక కాసేపటికే వెనక్కి తిరిగేది. అందుకే 2021 జులై 11న రిచర్డ్ బ్రాన్సన్, 20న జెఫ్ బెజోస్ పైకెళ్లొచ్చినప్పుడు ఎవరిది అసలు స్పేస్ అని పెద్ద రగడే నడిచింది. కోటీశ్వరుల పంతాలు, మనకెందుకులే.

నన్నడిగితే అసలు తేడా ఎత్తులో లేదు, స్పీడులో ఉంది. న్యూ షెపర్డ్ స్పీడు గంటకి సుమారు 3,500 కిలోమీటర్లకి చేరేది, ఇంజిన్ రెండు నిమిషాల పైచిలుకు మండి ఆగిపోయేది, ఆ తర్వాత మనం పైకి విసిరిన రాయి ఎలా వెళ్లి ఎలా పడుతుందో అదీ అంతే, ఆ పైకెళ్లి కిందకి మళ్లే మూడు నాలుగు నిమిషాలే లోపలున్నవాళ్లు తేలేది. స్పేస్ స్టేషన్ సంగతి వేరు. 400 కిలోమీటర్ల ఎత్తులో అది పడిపోకుండా తిరుగుతూ ఉండాలంటే గంటకి 28,000 కిలోమీటర్ల స్పీడు కావాలి. ఎనిమిది రెట్లే కదా అనిపిస్తుంది గానీ ఎనర్జీ లెక్క స్పీడుతో కాదు, స్పీడు వర్గంతో పెరుగుతుంది కాబట్టి మొత్తం కలిపి చూస్తే ఒక కిలో బరువుని 100 కిలోమీటర్లు ఎత్తడానికి పట్టే ఎనర్జీ కన్నా కక్ష్యలో పెట్టడానికి పట్టేది ముప్పై రెట్ల పైమాటే. పైగా తిరిగొచ్చేటప్పుడు ఆ స్పీడంతా వేడిగా వదిలించుకోవాలి, అందుకే దానికి హీట్ షీల్డ్ తప్పనిసరి.

ఇంకోమాట, పైన గ్రావిటీ ఉండదు కాబట్టి తేలుతారు అని మీ ఫ్రెండ్ అన్నాడు చూడండి, అది మాత్రం తప్పు. స్పేస్ స్టేషన్ దగ్గర భూమి ఆకర్షణ ఇంకా 90 శాతం దాకా ఉంటుంది. మనిషీ, వాహనమూ కలిసి ఒకే తీరులో పడిపోతూ ఉంటారు, అందుకే బరువు తెలీదు. ఈ పాయింట్ మీద పందెం వేసుంటే మీరు గెలిచేవారు.

నేను రిటైర్డ్ టీచర్ని, 68 ఏళ్లు, బీపీకి మాత్ర వేసుకుంటాను, మోకాళ్లు అంతంత మాత్రం. డబ్బు సంగతి పక్కన పెట్టండి, అసలు నాలాంటివాణ్ణి ఎక్కిస్తారా?

మాస్టారూ, ఈ రంగంలో నాకు బాగా నచ్చిన సంగతి మీరు అడిగిందే. ఒకప్పుడు అంతరిక్షానికి వెళ్లాలంటే ఫైటర్ పైలట్ అయ్యుండాలి, ఒంట్లో ఏ లోపమూ ఉండకూడదు. ఆ అడ్డు చాలావరకు తొలగిపోయింది. వాలీ ఫంక్ అనే ఆవిడ 1961లోనే వ్యోమగాముల వైద్య పరీక్షలు పాసయ్యారు, ఆడవాళ్లని తీసుకోని రోజులవి కాబట్టి పంపలేదు, అరవై ఏళ్ల తర్వాత 2021లో తన 82వ ఏట బెజోస్‌తో కలిసి వెళ్లొచ్చారు. ఎడ్ డ్వైట్ అనే నల్లజాతి పైలట్‌ది కూడా ఇదే కథ, 1960లలో శిక్షణ పొందీ నాసా ఎంపికలో రాలేదు, 2024 మే 19న 90 ఏళ్ల వయసులో న్యూ షెపర్డ్‌లో వెళ్లారు, తెలుగాయన గోపి తోటకూర వెళ్లింది కూడా ఆ ఫ్లైట్‌లోనే. హేలీ ఆర్సెనోకి చిన్నప్పుడు ఎముక క్యాన్సర్ వచ్చి కాల్లో లోహపు రాడ్ వేశారు, ఆవిడ 29 ఏళ్లకి, 2021 సెప్టెంబర్‌లో, ఇన్‌స్పిరేషన్4 అనే ట్రిప్‌లో మూడు రోజులు భూమి చుట్టూ తిరిగొచ్చారు. జాన్ గుడ్విన్‌కి పార్కిన్సన్స్, 2005లో టికెట్ కొని 80 ఏళ్లు వచ్చాక 2023లో వెళ్లారు. 2025 డిసెంబర్‌లో అయితే చక్రాల కుర్చీలో ఉండే ఇంజనీర్ మిఖాయెలా బెంట్‌హౌస్ వెళ్లొచ్చారు, క్యాప్సూల్ తలుపు దగ్గర్నుంచి సీటు దాకా ఆవిడ జరుగుతూ వెళ్లడానికి ఒక పలక వేశారంతే.

అలాగని ఎవరు పడితే వాళ్లని ఎక్కించేస్తారనుకోకండి. బ్లూ ఆరిజిన్ మామూలుగా పెట్టిన షరతులు చూడండి: 18 నిండాలి, ఎత్తు 5 అడుగుల నుంచి 6 అడుగుల 4 అంగుళాల లోపు, బరువు సుమారు 50 నుంచి 101 కిలోల లోపు, ఏడు అంతస్తుల మెట్లు 90 సెకన్లలోపు ఎక్కగలగాలి, సీటు బెల్టు 15 సెకన్లలోపు పెట్టుకుని తీసుకోగలగాలి. మోకాళ్ల సంగతి ఇక్కడే తేలేది! ఆ తర్వాత జీ ఫోర్స్. పైకెళ్లేటప్పుడు రెండు నిమిషాల దాకా 3 రెట్లు, దిగేటప్పుడు కొద్ది సెకన్లు 5.5 రెట్ల బరువు మీద పడుతుంది, అంటే 60 కిలోల మనిషికి తన ఒళ్లే 330 కిలోలున్నట్టు అనిపిస్తుంది. సీట్లు వెనక్కి వాల్చి ఉంటాయి కాబట్టి ఆ బరువు ఛాతీ మీద నుంచి వీపు వైపు పడుతుంది, తల నుంచి కాళ్లకి కాదు, అందుకే రక్తం మెదడు నుంచి దిగిపోయి కళ్లు తిరగడం తక్కువ. బీపీ కంట్రోల్‌లో ఉంటే దారి మూసుకుపోయినట్టు కాదు గానీ గుండె డాక్టర్ ఓకే అనాలి. నేను చెప్తే చాలదు మాస్టారూ.

పైన బాత్రూమ్ ఎలా? నవ్వకండి, సీరియస్‌గా అడుగుతున్నా.

నవ్వట్లేదు. పది నిమిషాల ట్రిప్‌కి బాత్రూమ్ లేదు, వెళ్లొచ్చి కూర్చోండి. కక్ష్యలో తిరిగేవాటికి ఉంటుంది, నీళ్లు కాదు గాలే లాక్కెళ్తుంది, ఫ్యాన్ ఆగిందా అంతే సంగతులు. పైన చెప్పిన ఇన్‌స్పిరేషన్4లో ట్యాంక్‌కి వెళ్లే గొట్టం ఊడిపోయి మూత్రం నేల కింద ఫ్యాన్ దగ్గరికి చేరింది, అలారం మోగింది, దిగాక చూసి తర్వాతి వాటికి ఆ భాగం మార్చారు. బ్రోచర్లలో ఇవి రాయరు. వాంతుల సంగతీ రాయరు, కక్ష్యలోకి వెళ్లినవాళ్లలో సగానికి పైగా మందికి మొదటి రెండు మూడు రోజులు తల తిప్పడం, వికారం మామూలే. కోట్లు పోసి మూడు రోజులకి వెళ్తే అందులో రెండు రోజులు కవరు పట్టుకుని కూర్చోవాల్సి రావచ్చు.

ఏదైనా జరగరానిది జరిగితే బాధ్యత ఎవరిది? విమానాలకి ఉన్నట్టు ప్రభుత్వం సేఫ్ అని సర్టిఫికెట్ ఇవ్వదా?

ఇవ్వదు. చాలామందికి తెలియని విషయం ఇది, నేనైతే టికెట్ ధర కన్నా ముందు ఇదే చూస్తాను. ఈ వ్యాపారం ఎక్కువగా నడిచేది అమెరికాలో. అక్కడి విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ చూసేది ప్రధానంగా కింద ఉన్న జనానికి, ఆస్తులకి ప్రమాదం లేకుండా, లోపల కూర్చున్న ప్యాసింజర్ భద్రత మీద కొత్త రూల్స్ పెట్టకూడదని 2004లోనే చట్టం చేశారు, రంగం పసిది కదా ముందు నేర్చుకోనిద్దాం అని, ఆ గడువుని పొడిగించుకుంటూ పొడిగించుకుంటూ ఇప్పుడు 2028 జనవరి దాకా తెచ్చారు. దానికి బదులు ఏం చేస్తారంటే, ఈ వాహనం మనుషుల్ని తీసుకెళ్లడానికి సేఫ్ అని ప్రభుత్వం సర్టిఫై చేయలేదు అని కంపెనీయే రాతపూర్వకంగా చెప్పాలి, అది చదివి మీరు సంతకం పెట్టాలి. చట్టంలో మీ పేరు ప్యాసింజర్ కూడా కాదు, ఫ్లైట్‌లో పాల్గొనే వ్యక్తి అంతే.

భయపెట్టడానికి కాదు, జరిగినవే చెప్తాను. 2014 అక్టోబర్ 31న వర్జిన్ గెలాక్టిక్ టెస్ట్ ఫ్లైట్‌లో, దిగేటప్పుడు వాడాల్సిన తోక రెక్కల లాక్‌ని కో పైలట్ చాలా ముందే తీసేశాడు, వాహనం గాల్లోనే ముక్కలైంది, ఆయన చనిపోయాడు, రెండో పైలట్ పారాచూట్‌తో బతికాడు. దర్యాప్తులో తేలిందేంటంటే ఒక్క మనిషి ఒక్క తప్పు చేస్తే మొత్తం పోయేలా డిజైన్ ఉండటమే అసలు లోపం. 2022 సెప్టెంబర్ 12న న్యూ షెపర్డ్ బూస్టర్, అంటే క్యాప్సూల్ కింద ఉండే రాకెట్, మధ్యలో ఫెయిలైంది, అప్పుడు లోపల మనుషులు లేరు, ఎస్కేప్ మోటార్ క్యాప్సూల్‌ని లాక్కెళ్లి పారాచూట్లతో భద్రంగా దింపింది. మనుషులుంటే గట్టిగా కుదిపేసేది గానీ బతికేవాళ్లు. ఈ ఎస్కేప్ ఏర్పాటు ఉందా లేదా అన్నది నా దృష్టిలో కిటికీ సైజు కన్నా ముఖ్యం. ఇన్సూరెన్స్ అడిగినవాళ్లు కూడా ఉన్నారు, మామూలు పాలసీలో ఇది కవర్ అవుతుందని అనుకోకుండా కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి.

ఒకప్పుడు విమానం కూడా డబ్బున్నోళ్లకే కదా, ఇప్పుడు అందరూ ఎక్కుతున్నారు. ఇది కూడా పదేళ్లలో మామూలు జనానికి వచ్చేస్తుందని మా అబ్బాయి వాదన. మీరేమంటారు?

అబ్బాయి ఆశని చంపాలని లేదమ్మా, కానీ ఇప్పటిదాకా ధరలు నడిచిన దారి చూడండి. 2001 ఏప్రిల్‌లో డెన్నిస్ టిటో సొంత డబ్బుతో స్పేస్ స్టేషన్‌కి వెళ్లిన మొదటి టూరిస్ట్, రష్యా వాళ్ల సోయుజ్ వ్యోమనౌకలో వెళ్లాడు, దాదాపు 2 కోట్ల డాలర్లు కట్టాడని లెక్క. 2022లో యాక్సియమ్ అనే కంపెనీ మొదటి ట్రిప్‌కి సీటు 5.5 కోట్ల డాలర్లు. వర్జిన్ టికెట్ 2 లక్షల డాలర్లతో మొదలై రెండున్నర లక్షలైంది, 2021లో నాలుగున్నర లక్షలు, ఆ తర్వాత 6 లక్షలు. తగ్గిందెక్కడ? రాకెట్ మళ్లీ మళ్లీ వాడటం వల్ల శాటిలైట్ పంపే ఖర్చు తగ్గిన మాట నిజమే, కానీ క్యూలో డబ్బున్నవాళ్లు ఉన్నంతకాలం, సీట్లు నాలుగో ఆరో ఉన్నంతకాలం ఆ తగ్గింపు టికెట్ దాకా రాదు. విమానం చవకైంది వందలమంది ఒకేసారి ఎక్కి, అదే విమానం రోజుకి రెండు మూడుసార్లు తిరిగితేనే. ఇక్కడ యూనిటీ 2024 జూన్‌తో రిటైరైపోయింది, కొత్తవి తయారవుతున్నాయి. బ్లూ ఆరిజిన్ కూడా చంద్రుడి పనుల మీద పడి న్యూ షెపర్డ్‌ని కనీసం రెండేళ్లు ఆపుతున్నట్టు 2026 జనవరిలో ప్రకటించింది. అంటే డబ్బున్నోడికి కూడా ఆ పది నిమిషాల సీటు వెంటనే దొరకని రోజులివి.

డబ్బులేనివాళ్లు వెళ్లారా అంటే వెళ్లారు, లాటరీలో, స్పాన్సర్ దయవల్ల. ఆంటిగ్వాకి చెందిన తల్లీ కూతుళ్లు 2023లో డ్రాలో సీట్లు గెలిచి గుడ్విన్‌తో కలిసి వెళ్లారు. ఎడ్ డ్వైట్ సీటుకి ఒక స్వచ్ఛంద సంస్థ కట్టింది. సంతోషమే, కానీ అదృష్టం తగిలిందని రేటు తగ్గినట్టు కాదు కదా. ఇటు తమాషా చూడండి, న్యూ షెపర్డ్ మనుషులతో వెళ్లిన మొదటి ట్రిప్‌లో సీటుని వేలంలో 2.8 కోట్ల డాలర్లకి పాడుకున్నాయన డేట్ కుదర్లేదని ఆ ట్రిప్‌కే వెళ్లలేదు, నాలుగేళ్ల తర్వాత తీరిగ్గా వెళ్లాడు!

వీళ్ల సరదాకి వాతావరణం పాడు కాదా?

అవుతుంది, కానీ అన్నీ ఒకేలా కాదు. న్యూ షెపర్డ్ హైడ్రోజన్, ఆక్సిజన్‌తో నడిచేది, బయటికొచ్చేది ముఖ్యంగా నీటి ఆవిరి. మనుషుల్ని కక్ష్యకి తీసుకెళ్లే, కిరోసిన్‌తో నడిచే ఫాల్కన్ 9 రాకెట్, రబ్బరు లాంటి ఇంధనం మండించే వర్జిన్ వాహనం మసి వదులుతాయి. మసి కింద పడితే వానకి కొట్టుకుపోతుంది, స్ట్రాటోస్ఫియర్‌లో, అంటే వాన మబ్బులకి పైన ఉండే గాలి పొరలో వదిలితే ఏళ్ల తరబడి ఉండి ఎండని పీల్చి వేడెక్కిస్తుంది. ప్రస్తుతం ఫ్లైట్లు తక్కువ కాబట్టి మొత్తం మీద ప్రభావం చిన్నదే, రోజూ ఎగరడం మొదలుపెడితే చిన్నదిగా ఉండదు. పై అబ్బాయి కోరిక, మీ భయం రెండూ ఒకేసారి నిజమవుతాయన్నమాట.

మా పాపకి బరువు లేకుండా తేలాలని పిచ్చి. రాకెట్ మా వల్ల కాదు, ఇంకేదైనా దారి ఉందా?

ఉందమ్మా, రాకెట్‌తో పనిలేదు. లోపల మెత్తలు వేసిన పెద్ద విమానం ఏటవాలుగా పైకి దూసుకెళ్లి, పైన వంపు తిరిగి కిందకి దిగుతుంది, ఆ వంపులో ఇరవై సెకన్ల పైచిలుకు అచ్చంగా తేలతారు. అమెరికాలో జీరో గ్రావిటీ కార్పొరేషన్ బోయింగ్ 727తో ఒక ట్రిప్‌లో 15 సార్లు ఇలా వంపులు తిప్పుతుంది, ఫ్రాన్స్‌లో ఎయిర్‌బస్ ఎ310తో నడిపేవాళ్లున్నారు. స్టీఫెన్ హాకింగ్ 2007లో తేలింది ఆ అమెరికా కంపెనీ విమానంలోనే. టికెట్ కొన్ని వేల డాలర్లు, చవకేం కాదు గానీ లక్షల డాలర్లు కాదు. అన్నీ కలిపితే తేలే టైమ్ న్యూ షెపర్డ్‌లో దొరికేదానికి దాదాపు సరిపోతుంది, కాకపోతే ముక్కలు ముక్కలుగా, ముక్కకీ ముక్కకీ మధ్య ఒళ్లు దాదాపు రెండింతల బరువై నేలకి అతుక్కుపోతుంది, కడుపు తిప్పేది అక్కడే. బెలూన్ ట్రిప్పులని కూడా ప్రకటనలొస్తున్నాయి, వాటి ఎత్తు 30 కిలోమీటర్లు, నల్లటి ఆకాశం కనిపిస్తుంది కానీ తేలడం ఉండదు, పాప అడిగింది అది కాదు కాబట్టి వాటికి డబ్బు కట్టకండి. విమానం బుక్ చేసేముందు కనీస వయసు, చెవి, సైనస్ సమస్యల గురించి కంపెనీని అడిగేయండి, ముందురోజు రాత్రి పాపని బాగా నిద్రపోనివ్వండి.