మా కానుకలు మాకే చాలనప్పుడు పై ఆఫీసుకు అసెస్‌మెంట్ ఎందుకు కట్టాలి?

మీరు అడిగింది ఇదీ: విజయవాడలో మీ సంఘం కొత్త గుడి కట్టుకుంటోంది, ఇదే ఏడాది అసెస్‌మెంట్ (సంఘం బిషప్‌గారి ఆఫీసుకు కట్టాల్సిన వాటా) పెంచారు, కట్టకపోతే ఏమవుతుంది?

నేను మా సంఘానికి కొన్నేళ్లు ట్రెజరర్‌గా చేశాను. ఆ కాగితం వచ్చిన రోజు కమిటీలో లేచే గొంతులు నాకు బాగా తెలుసు. మాది ఏ మండలి (క్రైస్తవ శాఖ) అన్నది ఇక్కడ అనవసరం.

ముందు ఆ డబ్బు ఎటు పోతుందో చూడండి. అంతా బిషప్‌గారి కారు డీజిల్‌కే పోతుందని మనవాళ్ల గట్టి నమ్మకం (కొంత పోతుంది, కాదనను). మా బడ్జెట్‌లో మాత్రం పెద్ద పద్దు పాస్టర్ల జీతాలు, పింఛన్లు. మా పాస్టర్లకు జీతం ఇచ్చేది వాళ్లు పనిచేసే సంఘం కాదు, అన్ని సంఘాల వాటాలు చేరే పై ఆఫీసు నిధి. అందుకే బెంజ్ సర్కిల్ దగ్గర పనిచేసే పాస్టరుగారిని రేపు దివిసీమకు బదిలీ చేసినా జీతం తగ్గదు. ఈ ఏర్పాటే లేకపోతే అక్కడికి ఎవరు వెళ్తారు?

అవనిగడ్డ దాటాక ఒక ఊళ్లో ఆరాధన అయ్యాక కానుకల లెక్కకు కూర్చున్నాను. సంచి చాప మీద బోర్లిస్తే పడ్డవన్నీ పది, ఇరవై నోట్లే, చెంగున ముడేసిన మడతలు ఇంకా విప్పుకోలేదు. సంఘపెద్ద ఒక్కొక్కటీ మోకాలి మీద సాపు చేసి పేర్చారు. ఎనిమిది వందల చిల్లర తేలింది. పక్కనే ఆడవాళ్లు పిడికెడు బియ్యం డబ్బాలు తెచ్చి బస్తాలో పోస్తున్నారు. వంటకు కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి దాచినవి, అమ్మి జమ చేస్తారు. ఇవ్వడంలో ఆ ఊరు మనకేమీ తీసిపోదు. అయినా ఆ డబ్బుతో పాస్టరుగారి కుటుంబం నెల గడవదు. మిగతాది మన కానుక కవర్లలోంచి వెళ్లాలి.

వాటా కట్టడం న్యాయమే. ఎలా లెక్క కట్టారన్న దగ్గరే మీరు గట్టిగా నిలబడాలి. తలకు 300 అన్నారనుకోండి, నాలుగు వందల మంది ఉన్న పల్లె సంఘం 1,20,000 కట్టాలి, అంతమందే ఉన్న మీరూ అంతే కట్టాలి. అదే ఆదాయంలో 20 శాతం అంటే, ఏడాదికి 2 లక్షలు వచ్చే పల్లె 40 వేలు కడుతుంది, 30 లక్షలు వచ్చే మీరు 6 లక్షలు కడతారు. నన్నడిగితే శాతమే నయం. అయితే రెండింటికీ దొంగదారులున్నాయి. తలల లెక్క పెట్టిన ఏడాది సభ్యుల రిజిస్టర్ ఉన్నట్టుండి చిక్కిపోతుంది. శాతం పెడితే మామూలు కానుకలు కూడా 'ప్రత్యేక నిధి' పేరుతో పక్క ఖాతాలోకి జారతాయి. ఈ తగువు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో యునైటెడ్ మెథడిస్టులు సంఘం ఖర్చులను బట్టి వాటా వేస్తారు. ప్రెస్బిటేరియన్లలో పెద్ద శాఖ తలకింత అంటుంది. సదరన్ బాప్టిస్టులు 1925 నుంచి ఎంత శాతం పంపాలో సంఘాల ఇష్టానికే వదిలేశారు.

విదేశీ నిధులతో సర్దుకోవచ్చు కదా అని మీ కమిటీలో ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆ రోజులు పోయాయి. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం సవరించాక, అలా వచ్చిన డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. పరిపాలన ఖర్చుల పరిమితినీ 50 శాతం నుంచి 20కి దించారు.

ఇంకో సంగతి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఆ వైపు ఒక సంఘంలో బెంచీలు, కీబోర్డు, రిజిస్టర్లు అన్నీ బురదపాలయ్యాయి. ఇళ్లు కడుక్కోవడానికే డబ్బుల్లేని మనుషులు కానుకలేం వేస్తారు? కొన్ని నెలలు వాళ్ల అసెస్‌మెంట్ ఆపి, పాస్టరుగారి జీతం మాత్రం ఆపలేదు. అప్పటిదాకా కమిటీల్లో 'మన డబ్బు పల్లెలకు పోతోంది' అని గట్టిగా అరిచింది ఆ సంఘమే.

ఇక లెక్కలు. మేము కట్టినన్నాళ్లూ పై ఆఫీసు ఆడిట్ రిపోర్టు అడిగితే 'కౌన్సిల్‌లో (సంఘాల ప్రతినిధుల సభలో) చదువుతాం' అనేవారు. చదివినప్పుడు అరగంటలో ముగించేవారు. కాపీ మాత్రం చేతికిచ్చేవారు కాదు. యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగుచేసిన డబ్బు విషయంలో తనమీద ఎవరూ తప్పు మోపకూడదని పౌలు ఎంత జాగ్రత్తపడ్డాడో కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో ఉంది. సంఘాలు ఏర్పరచుకున్న సహోదరుణ్ణే వెంట పంపించాడు. ఆ వచనం చూపించి కాపీ అడగండి, కాదనడం వాళ్లకు కష్టం.

కట్టకపోతే ఏమవుతుందంటారా? మా దగ్గరైతే బకాయి ఉన్న సంఘం ప్రతినిధులకు కౌన్సిల్‌లో ఓటు ఉండదు. ఓటు పోయాక పద్ధతి మార్చమని ఎక్కడ అడుగుతారు? కాబట్టి కడుతూనే కొట్లాడండి.

మీ విషయంలో ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. గుడి కోసం వచ్చిన చందాలను కూడా ఆదాయంలో కలిపేసి పెంచారేమో చూడండి. మాకు ఒకసారి అలాగే జరిగింది. బిల్డింగ్ ఫండ్‌కు వేరే బ్యాంకు ఖాతా, వేరే రసీదు పుస్తకం ఉంటే తీసేయమనడం తేలిక. కమిటీ తీర్మానం రాసి, మినిట్స్ కాపీ, పాస్‌బుక్ జిరాక్సు జతచేసి బడ్జెట్ మీటింగ్‌కు ముందే అందజేయండి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. బడ్జెట్ పాసయ్యాక వెళ్తే 'వచ్చే ఏడాది చూద్దాంలెండి' అని టీ ఇచ్చి పంపిస్తారు.