జాయ్‌స్టిక్ పనిచేస్తోంది, ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ మాత్రం రావట్లేదు: తప్పు ఎక్కడుందో కనిపెట్టడం

మీ ప్రశ్న ఇది: వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉంటున్నారు. సెకండ్ హ్యాండ్‌లో మైక్రోసాఫ్ట్ సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ 2 కొన్నారు, అంటే లోపలి మోటార్లతో చేతికి ఎదురు బలం ఇచ్చే జాయ్‌స్టిక్. గేమ్‌లో విమానం చెప్పినట్టే తిరుగుతోంది, స్టిక్ మాత్రం చచ్చుబడినట్టు వాలిపోతోంది.

విండోస్‌లో కనిపించినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదండి. బటన్లకీ యాక్సిస్‌లకీ (స్టిక్ కదిలే దిశలకీ) యూఎస్‌బీ కరెంటు చాలు. మోటార్లకి మాత్రం గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటే కావాలి. అందుకే ముందుగా జాయ్‌స్టిక్ అడుగున ఉన్న లేబుల్ చదవండి. అమెరికా నుంచి తెచ్చిన పీస్ అయితే అది 120 వోల్టులది. మన 230లో నేరుగా పెడితే లోపలి పవర్ సప్లై కాలిపోతుంది. లేబుల్ మీది వాట్లకి రెట్టింపు సామర్థ్యం ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి.

వోల్టేజీ సరిపోయిందా? గేములన్నీ మూసేసి స్టిక్‌ని మామూలుగా పట్టుకోండి. మధ్యలోకి లాగుతున్నట్టు స్ప్రింగు బిగువు తెలిస్తే మోటార్లు బతికే ఉన్నాయి, తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. తెలియకపోతే పట్టు మీద ఉన్న చిన్న నల్లటి కిటికీ చూడండి. చెయ్యి ఉందో లేదో కనిపెట్టే సెన్సార్ అదే. చెయ్యి లేదనుకుంటే అది బలాన్ని ఆపేస్తుంది. మన ఊరి చెమటకి దాని మీద జిడ్డు పొర కట్టడం మామూలే. దూదితో తుడిచి, దాని మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి మళ్లీ చూడండి. అప్పుడు బలం వస్తే సెన్సార్ బాగానే ఉంది, మీరు పట్టుకునే తీరులో చెయ్యి దాన్ని కప్పడం లేదంతే. పరీక్ష అయ్యాక టేపు తీసేయండి, లేకపోతే మీరు వదిలేసినా స్టిక్ తనంతట తాను ఊగుతుంది.

అప్పటికీ రాకపోతే ఒక్కో మోటార్‌ని విడిగా చూడాలి. పాత డైరెక్ట్‌ఎక్స్ ఎస్‌డీకేలో (గేములు రాసేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన టూల్స్) వచ్చే ఫోర్స్ ఎడిటర్‌లో కాన్‌స్టంట్ ఫోర్స్, అంటే మారకుండా ఉండే బలం, ఎంచుకుని ముందు పక్కలకి, తర్వాత ముందుకీ వెనక్కీ ఇవ్వండి. ఒక దిశ పనిచేసి రెండోది చేయకపోతే, ఆ మోటార్‌కి వెళ్లే వైరో టంకమో ఊడి ఉండొచ్చు. రెండూ చేయకపోతే పవర్ సప్లై అనుమానించాలి. విప్పేముందు గోడ ప్లగ్గు పీకి కనీసం పది నిమిషాలు ఆగండి.

సముద్రం దగ్గరి ఇళ్లలో ఎక్కువగా చూడాల్సిందొకటి ఉంది: స్టిక్ మధ్యలో జివ్వుమని వణకడం. రన్‌లో జాయ్ డాట్ సీపీఎల్ అని కొట్టి, ప్రాపర్టీస్ తెరిచి, చెయ్యి తీసేసి గుర్తుని గమనించండి. అది చిన్నగా దూకుతూ ఉంటే లోపలి పొటెన్షియోమీటర్ (స్టిక్ ఎక్కడుందో కొలిచే భాగం) ట్రాక్ మీద దుమ్మూ, ఉప్పుగాలి తెచ్చిన చిలుమూ పేరుకున్నట్టు. స్ప్రింగు బలాన్ని లెక్కగట్టేది ఆ స్థానాన్ని బట్టే కదా, స్థానం దూకితే బలమూ దూకుతుంది. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ రెండు మూడు చుక్కలు వేసి, ఈ చివర నుంచి ఆ చివరకి 30, 40 సార్లు తిప్పండి. తుప్పు వదలడానికి వాడే నూనె స్ప్రేలు వద్దు, జిడ్డు మిగిలి మళ్లీ దుమ్ము పట్టుకుంటుంది. కనెక్టర్ల మీద పచ్చగా చిలుము కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్ చాలు.

ఇక సాఫ్ట్‌వేర్. డైరెక్ట్‌ఇన్‌పుట్‌లో (విండోస్‌లో గేములు జాయ్‌స్టిక్‌తో మాట్లాడే పద్ధతి) ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ కావాలంటే ప్రోగ్రాం ఆ పరికరాన్ని ఎక్స్‌క్లూజివ్‌గా, అంటే తనొక్కటే, పట్టుకోవాలి. ఒకేసారి ఒక్కటే పట్టుకోగలదు. స్టీమ్ ఇన్‌పుట్ (స్టీమ్ యాప్‌లో కంట్రోలర్లని చూసుకునే భాగం) మధ్యలో దూరితే గేమ్‌కి మీ స్టిక్ మామూలు గేమ్‌ప్యాడ్‌లా కనిపించే అవకాశముంది, ఆ గేమ్‌కి దాన్ని ఆపేయండి. డీసీఎస్, ఐఎల్-2 అనే విమానాల గేముల్లో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ గేమ్‌లోనే ఉంది. ఎక్స్-ప్లేన్ అనే గేమ్‌కి ఎక్స్‌పీఫోర్స్ లాంటి అదనపు ప్రోగ్రాం కావాలి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 కూడా తనంతట ఇవ్వదు. వాటిలో బలం లేదని స్టిక్ విప్పకండి.

డీసీఎస్ ఆప్షన్లలో మిస్క్ ట్యాబ్‌లో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ టిక్ పెట్టండి. పిచ్ (విమానం ముక్కు పైకీ కిందకీ), రోల్ (రెక్కలు పక్కకి వాలడం) యాక్సిస్‌లు థ్రాటిల్‌కో పెడల్స్‌కో కూడా తగిలించి ఉంటే తీసేయండి. డెడ్‌జోన్ (మధ్యలో కదిపినా పట్టించుకోని భాగం), కర్వ్ (స్పందన వంపు) రెండూ సున్నా పెట్టండి. వెనక్కి లాగితే పక్కకి నెడుతోందంటే యాక్సిస్‌లు తారుమారయ్యాయి, ఎఫ్ఎఫ్ ట్యూన్‌లో స్వాప్ పెట్టండి. వదలగానే ఒక మూలకి దూకి అక్కడే అతుక్కుంటే దిశ తిరగబడింది: మధ్యకి లాగాల్సిన బలం బయటికి నెడుతోంది, ఇన్వర్ట్ చేయండి.

అన్నీ సరిపోయాక గేమ్‌లో ఏదో ఒక రన్‌వే మీద నుంచి లేచి, ట్రిమ్ (స్టిక్‌ని పట్టుకోకుండానే విమానాన్ని నిలకడగా ఉంచే సర్దుబాటు) నొక్కి చూడండి. స్టిక్ మధ్యబిందువు దానంతటదే కొత్త చోటికి జరగాలి. బలం కొంచెం తక్కువనిపించినా గెయిన్ (బలం స్థాయి) 70 శాతం దగ్గర ఉంచండి. బ్రష్ మోటార్‌ని కదలకుండా ఒకే చోట నిలబెడితే కరెంటంతా వేడిగానే మారుతుంది. అడుగు భాగం చేతికి వెచ్చగా తగిలితే పావుగంట ఆపేయండి.